చదివితే అర్థం కావాలన్న మా మేడం

మొన్న శుక్రవారం పొద్దున మా మేడం పోయారు. కొండాపూర్‌లో ఆవిడతో ఉంటున్న చెల్లెలి కూతురు ఫోన్ చేసి చెప్పింది. నేను వెళ్లేసరికి మా పాత ఆఫీసు వాళ్లు ఇద్దరు ముగ్గురు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకాయన పక్కవాడితో, "ఈవిడ ప్రోగ్రామే కదండీ, అప్పట్లో ఆఫీసంతా ఆపేసింది?" అన్నాడు. మనిషిని ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్లనైనా లేదు. ఆ మాట నాకు మింగుడుపడడం లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

డెబ్బైల మొదట్లో గచ్చిబౌలి దారిలో ఉన్న ప్రభుత్వ కంప్యూటర్ సెంటర్‌లో నేను చేరేనాటికి ఆవిడ మా సీనియర్ ప్రోగ్రామర్. కాకినాడ వైపు మనిషి. బోరబండలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కరే ఉండేవారు. అప్పట్లో ప్రోగ్రాములంటే అట్ట కార్డుల మీద చిల్లులు. ఎవరు రాసింది వాళ్లకే తెలిసేది. వాళ్లు బదిలీ అయిపోతే ఆ కట్ట ముట్టుకోవడానికి అందరికీ భయం.

నా మొదటి ప్రోగ్రాం రాసిన కాగితం మేడం అందుకుని, ఎండు ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుని, పైకి చదివారు. ఒకచోట ఆగారు.

"ఇక్కడ నాకు ఊపిరాడలేదమ్మా. తప్పు ఇక్కడే ఉండాలి."

ఉంది.

"మిషన్‌కి ఎలాగోలా చెప్పొచ్చు. నీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవాళ్లకి చెప్పడమే కష్టం," అనేవారు.

ఆ కష్టం తీర్చడానికే ఆవిడ ఒక సాధనం తయారు చేశారు, అదీ ఒక ప్రోగ్రామే. ఏది ఎందుకు చేస్తున్నామో మనిషికి చెప్పినట్టు చెబుతూ, మధ్యమధ్యలో ప్రోగ్రాం ముక్కలు రాసుకుంటూ పోవచ్చు. ఆ ఒక్క కట్టలోంచి అది రెండు తీసేది. మనుషులు చదువుకోవడానికి వ్యాసం, మిషన్‌కి దానికి కావలసిన వరసలో ప్రోగ్రాం. ఆ సాధనాన్ని కూడా ఆవిడ అదే పద్ధతిలో రాశారు. నేను దాన్ని కథలా చదువుకున్నాను.

కానీ అది నెమ్మది. సెంటరంతటికీ ఉన్నది ఒక్కటే మిషన్.

"మేడం, మీది పెడితే ఇగ మిషన్ ఇడువదు. బయట లైన్ల ఉన్నోళ్లు నన్ను తిడ్తున్నరు. జర చూడుండ్రి," అని ఆపరేటర్ వచ్చి మొత్తుకున్నాడు.

అతని మాట నిజమేనని ఆవిడే ఒప్పుకున్నారు. కాలమంతా ఎక్కడ పోతోందో వారాల తరబడి వెతికి పట్టుకున్నారు. ప్రోగ్రాం ముక్కలకు పెట్టిన పేర్లు వెతికే చోట పోతోంది. ఆ ఒక్క ముక్కనే వేరే విధంగా రాసి, ఎందుకలా రాశారో పక్కనే వివరించారు. పని సగం సమయంలో అయిపోయింది.

"కుంటే కాలికే కట్టు కట్టాలి. నాలుగు కాళ్లకీ కడితే ఎద్దు అసలు నడవదు," అని నవ్వారు.

"గిట్లుంటే ఫికర్ లేదు మేడం," అన్నాడు ఆపరేటర్.

మా ఆఫీసర్‌కి అది చాలలేదు. పైవాళ్లకు వేగం చూపించాలి. "చదువుకోడానికి కాదండీ మిషన్ కొన్నది. మీరు చేస్తారా, ఇంకెవరికైనా ఇమ్మంటారా?" అన్నారు. ఇంకొకరి చేతిలో పెట్టడానికి ఆవిడకు ప్రాణం ఒప్పలేదు. వివరణలన్నీ తీసేసి, మొత్తం సాధనాన్ని ఆ మిషన్ సొంత భాషలో, దాని కిటుకులన్నీ వాడి తిరగరాశారు. పరుగెత్తింది. మెప్పు ఆఫీసర్‌కి వచ్చింది. పాత కట్టలైనా ఉంచమని ఆవిడ బతిమాలారు. అరలు ఖాళీ కావాలని ఆఫీసర్ వాటిని చిత్తుకాగితాలవాడికి వేయించేశారు.

కొన్నేళ్లకు కొత్త మిషన్ వచ్చింది. పాతదాని కిటుకులు దీని మీద పనిచేయలేదు. అప్పటికి మా పనులన్నీ ఆ సాధనం మీదే నడుస్తున్నాయి. అన్నీ ఆగిపోయాయి. మీటింగ్‌లో ప్రోగ్రాం కాగితాలు ఆవిడ ముందు పెట్టారు. ఆవిడ చాలాసేపు చూశారు.

"ఇది నాకే అర్థం కావడం లేదండి."

"రాసింది మీరే కదా?" అన్నారు ఆఫీసర్.

నేను ఉండబట్టలేక లేచాను. "సార్, వివరాలు తీసేయమన్నది మీరు. పాతవి పారేయించిందీ మీరే."

"నిన్నెవరడిగారమ్మా? కూర్చో."

మేడమే నా చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. బయటికొచ్చాక, మీరెందుకు మాట్లాడలేదని అడిగాను. "చేతులు నావే కదమ్మా," అన్నారు. ఆవిడ చెప్పిన మాటల్లో నేను ఒప్పుకోనిది అదొక్కటే. చేతులు ఆవిడవే. మెడ మీద కూర్చున్నదెవరు?

ఆవిడను ఆఫీసు సామాన్లు ఇచ్చే స్టోర్స్‌కి మార్చారు. ఆఫీసర్‌కి ప్రమోషన్ వచ్చింది. రిటైరయ్యేదాకా ఆవిడ మళ్లీ ఒక్క ప్రోగ్రామూ రాయలేదు. నేను మాత్రం సర్వీసంతా ఆవిడ నేర్పినట్టే రాశాను. నా తర్వాత వచ్చినవాళ్లెవరూ నన్ను తిట్టుకోలేదంటే అది ఆవిడ పుణ్యమే.

ఆవిడ అక్కడున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం స్టోర్స్‌కి వెళ్లాను. "ఏం రాస్తున్నావు?" అని ఆత్రంగా అడిగారు. చెబుతుంటే ముందుకు వంగి విన్నారు, ఏదో అడగబోయారు. ఇంతలో కిటికీ దగ్గరకి కొత్తగా చేరిన ప్రోగ్రామర్ ఒకడు వచ్చి, "ప్రింటర్ రిబ్బన్ కావాలి," అన్నాడు, ఆవిడ వైపు చూడకుండానే. మేడం నన్ను ఆగమన్నట్టు చెయ్యి చూపించి, స్టూలు లాక్కుని ఎక్కారు. పై అర అందలేదు. మునివేళ్ల మీద లేచి, మొహం పక్కకి తిప్పుకుని, కనబడని డబ్బా కోసం అరంతా తడుముతున్నారు.