మోసంబికి నీళ్లు పెట్టే తిథి

1976 మార్చి 16, మంగళవారం. నాందేడ్‌లో మా ఇంటి పెరడు, ఉదయం తొమ్మిది గంటలు. హాజరు: మా మామగారు, మా అత్తగారు, మాలి, నేను. రానివారు: నా భర్త, పని మీద కిన్వట్ వెళ్లారు.

ఆనాటి డైరీ పేజీ మొదట్లో ఇంతే రాసి ఉంది. బడిలో రోజూ హాజరు వేసే అలవాటు వల్ల, ఇంట్లో ఏ ముఖ్యమైన సంగతి జరిగినా ముందు ఎవరెవరున్నారో రాసుకునేదాన్ని. ఆ రోజు ముఖ్యమైన సంగతి మోసంబి చెట్టు, అదే బత్తాయి. అది బతికి ఉందో చచ్చిందో తేల్చుకోవడానికి నలుగురం దాని చుట్టూ నిలబడ్డాం.

చెట్టు అత్తగారిది. ఆమె నాటి పదకొండేళ్లు. మంచి కాపు కాసేది. తర్వాత మూడేళ్లు వరుసగా ఆకులే తప్ప పూత లేదు. ఆ చెట్టున్న చోటే గుసల్‌ఖానా కట్టించాలని మామగారి పట్టుదల. తడికల చాటున స్నానం చేసే వయసు తనది కాదని ఆయన అనేవారు. చివరికి ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. ఉగాది లోపల పూత కనిపిస్తే చెట్టు ఉంటుంది, లేకపోతే గొడ్డలి.

అప్పుడు నేనే మాలిని పిలిపించాను. ఆయన ముసలివాడు, పరదేశీ. ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లను మా ఊళ్లో అలాగే అంటారు. మోసంబి తోటల వాళ్లు చేసే పద్ధతినే ఆయన మా చెట్టుకూ చేశాడు. మొదలు చుట్టూ మట్టి తవ్వి వేళ్లకు ఎండ తగలనిచ్చాడు. జనవరి నాలుగు నుంచి చుక్క నీరు పోయవద్దన్నాడు. చెట్టు దాహంతో అల్లాడి ఆకు రాల్చాక, ఎరువు వేసి నీళ్లు పెడితే ఒళ్లంతా పూస్తుందట. నీళ్లు పెట్టే రోజు కూడా ఆయనే చెప్పాడు: ఫాగున్ బదీ పంచమి. నేను వెంటనే డైరీలో ఫాల్గుణ బహుళ పంచమి అని రాసుకుని, మా పంచాంగం చూసి, మార్చి ఇరవయ్యో తేదీ కింద ఎర్ర సిరాతో గీత గీశాను.

ఆ తర్వాత పెరట్లో మిగతా పనులు మామూలుగానే నడిచాయి. మల్లె పొదలకు ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి కట్టగట్టాను. కాకర, బీర గింజలు రాత్రంతా నానబెట్టి గుంటకు మూడేసి చొప్పున పెట్టాను. పక్కింటి వేప పూత మా గోడ మీద రాలుతుంటే ఉదయం చీపురు పట్టుకుని ఊడవబుద్ధి అయ్యేది కాదు. బడికి వెళ్లే ముందు ఒక్కో పాదుకూ చెంబుడు నీళ్లు పోసేదాన్ని. మోసంబి దగ్గరికి మాత్రం చెంబు వెళ్లనివ్వలేదు. అత్తగారు బియ్యం కడుగు తెచ్చి పోయబోతే రెండుసార్లు ఆపాను. రెండోసారి కాస్త గట్టిగానే అన్నాను. ఆమె కడుగు గిన్నె అక్కడే దించి, లోపలికి వెళ్లిపోయింది.

మార్చి మొదటి వారానికి ఆకులు దొన్నెల్లా ముడుచుకున్నాయి. రెండో వారానికి కొమ్మల చివర్లు నల్లబడ్డాయి. పంచమి ఇంకా రాలేదని నేను ధైర్యంగానే ఉన్నాను. హోలీ మరునాడు, అంటే ఆ పదహారున, పలకరించడానికి వచ్చిన మాలి పెరట్లోకి తొంగి చూసి, చెప్పులు విడవడం కూడా మరిచి లోపలికి వచ్చాడు.

"బాయీ, పానీ కబ్ దియా?" అన్నాడు. బడిలో చెప్పే ఆడవాళ్లను మా ఊళ్లో బాయి అంటారు.

"ఇంక పెట్టలె. పంచమికి నాలుగు రోజులున్నది గద."

"కౌన్సీ పంచమి?"

"నువ్వు చెప్పిందే. ఫాగున్ బదీ పంచమి."

ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అరే బాయీ, వో కబ్‌కీ గయీ! ఆజ్‌సే చైత్ లగ్ గయా."

"చైత్రమా?" అన్నారు మామగారు. "పొద్దుగాల్నే భంగు తాగినవా ఏంది? మాకు ఉగాది ఇంక పదిహేను రోజులున్నది."

నాకు అప్పుడు వెలిగింది. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాది వాళ్లకు పున్నమితో ముగుస్తుంది. అందుకే మన మాఘ బహుళం వాళ్లకు ఫాల్గుణ బహుళం. మాలి చెప్పిన పంచమి ఫిబ్రవరిలోనే దాటిపోయింది. పిల్లలకు పక్షాలు, మాసాలు పాఠం చెప్పేదాన్ని. ఈ తేడా నాకు తెలియనిది కాదు. అడగాలని తోచలేదు, అంతే. నలభై ఆరు రోజులు ఎండాల్సిన చెట్టు డెబ్బై రెండు రోజులు ఎండింది.

మామగారు మాలి మీద పడ్డారు. "ఈడికొచ్చి ఇన్నేండ్లయె, మా లెక్క తెల్వదా నీకు? చెట్టును చంపినవు గదనయ్యా!"

"ఆయన్ని అనకుండ్రి మామా," అన్నాను. "రాసుకున్నది నేను. అడగక రాసుకున్న."

అత్తగారు నా వైపు తిరిగింది. "పుస్తకం చూసుడే గాని, ఒక్కనాడన్న చెట్టు మొఖం చూసినవా పిల్లా?"



మామగారు నీళ్ల గోలెంలో బకెట్ ముంచి ఆవేశంగా చెట్టు వైపు నడిచారు. మాలి రెండు చేతులూ అడ్డం పెట్టాడు. ఎండిన వేళ్లు ఒక్కసారిగా అంత నీరు తాగితే కుళ్లిపోతాయట, ఉన్న ఆకు కూడా రాలిపోతుందట. ఇప్పుడొక బిందె, పొద్దు గుంకే వేళకు ఒక బిందె, అంతే. ఆయన గోటితో కొమ్మ బెరడు గీరి చూశాడు. తూర్పు కొమ్మలో బెరడు కింద పచ్చదనం కనిపించీ కనిపించనట్టుంది. పడమటి కొమ్మలో పొడి కర్ర రంగు.

"రేపు పొద్దున్న ఆకు విప్పిందంటే బతికినట్టే మాయీ," అన్నాడు అత్తగారితో, వచ్చీరాని తెలుగులో. "విప్పలేదంటే ఇక నీళ్లు దండగ."

మొదటి బిందె ఆయనే పోశాడు, అంచు వెంబడి సన్నగా. నల్లరేగడి నెర్రెలు బారి ఉంది. నీళ్లు చప్పుడు చేస్తూ లోపలికి దిగిపోయాయి.

అప్పుడొక కొత్త భయం పట్టుకుంది. ఆ రోజు ధూళివందన్, రంగులు చల్లుకునే పండుగ. వీధిలో రంగుల గుంపు తిరుగుతోంది. ఏటా వాళ్లు మా పెరటి తలుపు గుండా వచ్చి, అందరినీ తడిపి, మిగిలిన రంగు నీళ్లు మోసంబి పాదులోనే పారబోసి పోయేవారు. తలుపుకు గడియ వేస్తే తోసుకుని వస్తారు. డప్పు చప్పుడు దగ్గరపడింది. చెట్టు నరకాలని మూడేళ్లుగా అంటున్న మామగారు కుర్చీ తీసుకెళ్లి సరిగ్గా తలుపుకు అడ్డంగా వేసుకుని కూర్చున్నారు.

"కాయ్ కాకా, ఆత్ యేవూ ద్యా నా!" అని గుంపులోని వాళ్లు మరాఠీలో గోల చేశారు, లోపలికి రానిమ్మని.

"పోసేదుంటే నా మీద పొయ్యుండ్రి. లోపలికి అడుగు పెడితే కాళ్లు ఇరగ్గొడ్త," అన్నారు ఆయన.

వాళ్లు నవ్వుతూ నాలుగు బకెట్లు ఆయన నెత్తిన గుమ్మరించి పోయారు. ఎర్రగా, ఆకుపచ్చగా కారుతూ ఆయన కుర్చీలోంచి లేవలేదు. అత్తగారు కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు.

మధ్యాహ్నం ఎవరమూ సరిగా తినలేదు. నేను పది సార్లు వెళ్లి ఆకులు చూశాను. ముడుచుకున్నవి ముడుచుకున్నట్టే ఉన్నాయి. ఎండ తగ్గాక రెండో బిందె నేను పోశాను. తడిసిన మట్టి వాసన వచ్చింది. మరో ఏడాదైతే ఆ వాసనకు సంతోషించేదాన్ని.

మరునాడు వెలుగు వచ్చీ రాగానే పెరట్లోకి వెళ్లాను. అత్తగారు అప్పటికే అక్కడ ఉంది. తూర్పు కొమ్మ మీద ఆకులు విప్పుకున్నాయి. అన్నీ కాదు, కానీ విప్పుకున్నవి అరచేతుల్లా తెరిచి ఉన్నాయి. పడమటి కొమ్మను ఆమె వేలితో తాకింది. ఆకులు జలజలా రాలి ఆమె పాదాల మీద పడ్డాయి.

మాలి వచ్చి చూసి, ఎండిన సగం తీసేయాలన్నాడు. మామగారు రంపం తెచ్చారు. చెవుల వెనక రంగు ఇంకా వదల్లేదు. అత్తగారు చెట్టుకు అడ్డం నిలబడింది.

"జరుగు, సగమే కోస్త," అన్నారు ఆయన. "నా గుసల్‌ఖానకు ఈ సగం జాగ చాలు. మిగిలిన సగం నీది."

ఆమె జరిగింది. కొమ్మ సగం తెగేసరికి ఆయనకు ఆయాసం వచ్చింది. రంపం నా చేతికిచ్చారు. "నువ్వే ఎండబెట్టినవు. నువ్వే కొయ్యి."

కోశాను. కొమ్మ గోడ మీద పడి నేలకు జారింది. అత్తగారు పేడ, మట్టి కలిపి తెచ్చి కోసిన చోట పూసింది. పూస్తూనే మాలిని అడిగింది, "మల్ల నీళ్లెప్పుడు?"

ఆయన వేళ్లు లెక్కపెట్టుకుంటూ, "చైత్ బదీ..." అని మొదలుపెట్టాడు.

"తిథి వద్దు," అంది అత్తగారు. "వారం చెప్పు."

"వచ్చే బుధ్‌వార్," అన్నాడు మాలి.

నేను చేతులు కడుక్కుని బడికి బయలుదేరాను.