పుట్టకముందే కొన్న పుస్తకాలు

నాకు ఐదో నెల వచ్చాక, గుంటూరుకి స్కానింగుకి వెళ్ళినప్పుడల్లా ఒక పుస్తకం కొనుక్కొచ్చేవాళ్ళం. మొదటిది గుడ్డ పుస్తకం. నోట్లో పెట్టుకున్నా చిరగదని కొట్టతను చెప్పాడు. తర్వాత పండ్లు, కూరగాయల బొమ్మలున్న అట్టల పుస్తకం. సింగరాయకొండ నుంచి మా అమ్మ నా చిన్నప్పటి కథల పుస్తకం పంపింది. దాని వెన్నుకి మా నాన్న ఎప్పుడో అన్నం మెతుకులతో అంటించిన కాగితం ఇంకా ఊడలేదు.

అత్తయ్యకి ఇదంతా నచ్చలేదు. "బిడ్డ మొహం చూడకుండా ఏదీ కొనకూడదమ్మాయ్. మా ఇళ్ళల్లో జుబ్బా కూడా కుట్టించం," అంది.

"పుస్తకాలేగా అమ్మా," అని మా ఆయన నవ్వేశాడు.

ఆయన పదో తరగతితో చదువు మానేసి సేద్యంలోకి దిగినవాడు. పురుగుమందు డబ్బా మీద రాసింది తప్ప ఏదైనా చదవగా నేను చూడలేదు. అలాంటివాడు సాయంత్రం పొలం నుంచి వచ్చి, మిరప ఘాటు పోయేదాకా చేతులు కడుక్కుని, నా పక్కన కూర్చుని ఆ పాత పుస్తకం పైకి చదివేవాడు.

"కాస్త మెల్లగా చదవండి, వీధిలోకి వినపడుతోంది," అంటే, "లోపలున్నోళ్ళకి వినపడొద్దా?" అనేవాడు. అందులో ఒక పెద్ద కథని రోజుకి కొంచెం చొప్పున చదువుతూ వచ్చాడు.

ఎనిమిదో నెలలో, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్నప్పుడు, ఒకరోజు పొద్దున్నుంచీ కడుపులో కదలిక లేదు. చల్లటి నీళ్ళు తాగాను. పక్కకి తిరిగి పడుకున్నాను. అత్తయ్య నా పొట్ట మీద పెట్టిన చెయ్యి చాలాసేపు తియ్యలేదు. గుంటూరు ఆస్పత్రిలో డాక్టరమ్మ స్కాన్ చేస్తూ చేస్తూ మానిటర్ని తనవైపు తిప్పుకుంది. గుండె ఆగిపోయిందని ఆమె నోరు విప్పకముందే తెలిసింది. నొప్పులు తెప్పించి కాన్పు చేశారు. ఆడపిల్ల. తల నిండా జుట్టు. ఒకసారి నాకు చూపించి, గుడ్డలో చుట్టి మా ఆయన చేతికిచ్చారు. నేను ఆస్పత్రి మంచం మీద ఉండగానే, ఆయన ప్రత్తిపాడు దగ్గర మా చేలో పాపని మట్టిచేసి వచ్చాడు.

ఇంటికొచ్చేసరికి అలమర ఖాళీగా ఉంది.

"పుస్తకాలేవి అత్తయ్యా?"

"అంగన్‌వాడీకి ఇచ్చేశా. నువ్వు చూళ్ళేవు."

"నన్నడగొద్దా? అవి నా బిడ్డవి!"

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పచ్చి బాలింతని. అయినా ఆగలేక అంగన్‌వాడీకి నడిచాను. గుడ్ల కోసం వచ్చిన ఒకామె ఒళ్ళో పాప, గుడ్డ పుస్తకాన్ని నోట్లో పెట్టుకుని చీకుతోంది. అట్టల పుస్తకంలో వంకాయ మీద ఎవరో పెన్సిలుతో బరికేశారు. పాప చేతిలోంచి లాక్కోవాలనిపించింది. అంతలో నా రొమ్ములు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది. పైట నిండా కప్పుకుని వచ్చేశాను. కథల పుస్తకం మాత్రం అక్కడ కనపడలేదు.

"అది నేనివ్వలేదమ్మాయ్," అంది అత్తయ్య. "వాడే తీసుకుపోయాడు. పాపతోపాటు పెట్టాడు."

ఆయన కోసం కల్లానికి వెళ్ళాను. ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాడు. అడిగేసరికి తల ఎత్తకుండానే చెప్పాడు.

"కథ సగంలో ఉండిపోయింది కదే. మిగతాది అక్కడ చదువుదామనుకున్నా. రెండు ముక్కలు చదివేసరికి నావల్ల కాలేదు. ఇక పుస్తకమే పెట్టేశా."

అది మా నాన్న గుర్తు, నన్నొక మాట అడగాల్సిందని అందామనుకున్నాను. 

"ఎక్కడో చూపించండి," అన్నాను.

చేను చివర, బోరు పక్కన. మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. కుక్కలు తవ్వకుండా పైన తుమ్మ కంపలు వేశాడు. గాలికి రెండు పక్కకి జరిగి ఉంటే వంగి ఒకటి సరిచేశాడు. రెండోది నేను పట్టుకున్నాను.