తొడ మీద తాళం

మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు కింది వాటాలో నీళ్ల మోటారు ఆగింది. అది ఆగడం కోసం మేము గంటకు పైగా కాచుకుని ఉన్నాం. కర్మన్‌ఘాట్ వెనక వీధిలో ఒక ఇంటి పై అంతస్తులోని రికార్డింగ్ గదిలో ఉన్నాం. మోటారు మోత మైకులో పడేది. దాన్ని నడిపే ఆయనది నల్గొండ వైపు. పెళ్లి పాటలు, బతుకమ్మ పాటలు రికార్డు చేసేవాడు. మా అక్క తన మొదటి ఆల్బమ్ అక్కడ పాడుతోంది.

అక్కకు అప్పుడు ఇరవై రెండేళ్లు. ఆరో ఏట నుంచి నాన్న దగ్గరే నేర్చుకుంది. సంగీతం నేర్చుకునేవాళ్లు ఎవరి తొడ మీద వాళ్లు తాళం వేసుకుంటారు. మా ఇంట్లో నాన్న తన అరచేత్తో అక్క తొడ మీద వేసేవాడు. లెక్క తప్పితే దెబ్బ బరువెక్కేది. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం అద్దెకున్న రెండు గదుల్లోంచి ఆ చప్పుడు మెట్ల దాకా వినిపించేది.

"మీ ఇంట్ల రోజూ జొన్నరొట్టెలేనా వదినా?" అని ఆ చప్పుడు విని పక్కింటావిడ ఒకసారి అడిగింది. అమ్మ అవునంది.

నాకు గొంతు లేదని నాన్న నా ఏడో ఏటనే తేల్చేశాడు. నేను సంతోషించాను.

ఆ రోజు పొద్దున్న మొదటి పాట సగంలోనే రికార్డింగ్ ఆయన ఆపేశాడు.

"సార్, గా టపటప ఏంది? గొంతు కన్న ముందు తొడ వినవడుతుంది."

"అది తాళం," అన్నాడు నాన్న.

"తాళమైతె నాకు తెల్వదా సార్? ఇది దెబ్బ. మనుషులమైతె విననట్టు ఉంటం. మైకు ఉండదు."

తొడ మీద తువ్వాలు మడిచి వేశారు. అయినా వినిపించింది. చివరికి అక్క అంది, "దీంట్లో నా గొంతు, శ్రుతిపెట్టె తప్ప ఇంకో చప్పుడు ఉండకూడదు నాన్నా. మీరు బయట కూర్చోండి." ఆమె నాన్నతో అలా మాట్లాడటం అదే మొదటిసారి. ఆయన లేచి వెళ్లాడు. ఆ తర్వాతే మోటారు మొదలైంది.

మోటారు ఆగాక అక్క లోపల గడియ పెట్టి నన్ను తలుపు పక్కన కూర్చోబెట్టింది.

"నాన్న ఏమన్నా తియ్యకు. ఒక్క పాట అయ్యేదాకా."

"సరే," అన్నాను.

ఆమె బాగా పాడుతోంది. నాకు సంగీతం రాకపోయినా అది తెలిసింది. పల్లవి దాటాక తలుపు మీద దెబ్బ పడింది. మళ్లీ పడింది. నాన్న తలుపు మీద తాళం వేస్తున్నాడు. ఆ చప్పుడు పాటను పాడుచేస్తుందని, తలుపు తీస్తే ఆగుతుందని అనుకున్నాను. అక్క పాడుతూనే నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నేను గడియ తీశాను.

నాన్న వచ్చి తన మామూలు చోట, అక్క పక్కన కూర్చున్నాడు. తొడ మీద కొట్టాడు. ఆమె పాట ఆపలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు. మూడోసారి ఆమె కావాలనే స్వరాన్ని తాళం దాటించి సాగదీసింది. నాన్న ఆమె నోటి మీద కొట్టాడు. పెదవి పళ్లకు తగిలి చిట్లింది.

అక్క లేచింది. మైకు స్టాండు ఇనుపది. దాన్ని రెండు చేతులతో ఎత్తి నాన్న కుడిచేతి మీద వేసింది. ఆయన చేతిని వెనక్కి తీసుకునేలోగా మళ్లీ వేసింది. మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను పట్టుకోబోతే ఆమె మోచేయి తగిలి నా ముక్కు నుంచి రక్తం కారింది. మూడోసారి ఎత్తేసరికి రికార్డింగ్ ఆయన పక్క గదిలోంచి వచ్చి స్టాండు లాక్కున్నాడు.

"జర ఆగమ్మా. ముసలాయన సస్తడు."

నాన్నను ఆటోలో ఎల్బీ నగర్ దవాఖానకు తీసుకెళ్లాను. గుంత వచ్చినప్పుడల్లా ఆయన మూలిగాడు. "కావాలనే దాటించింది," అన్నాడు ఒకసారి. డాక్టరుతో మెట్ల మీద పడ్డానని చెప్పాడు.

పెదవి మానాక అక్క మళ్లీ వెళ్లి ఆరు పాటలూ ఒంటరిగా పాడింది. నన్ను రావద్దంది. ఆల్బమ్ వచ్చిన రోజు నాన్న కట్టు వేసిన చేతిని ఒళ్లో పెట్టుకుని మొత్తం విన్నాడు. బాగుందని గానీ బాగాలేదని గానీ అనలేదు. ఆ మణికట్టు వంకరగానే అతుక్కుంది. పోయిన కార్తీకంలో ఆయన పోయినప్పుడు స్నానం చేయించింది నేనే. ఆ చెయ్యి తిన్నగా పడుకోలేదు. ఆయనంటే నాకు ప్రేమ. తలుపు తీసింది కూడా నేనే.

అక్క ఇప్పుడు ఆ దిల్‌సుఖ్‌నగర్ ఇంట్లోనే పిల్లలకు పాట నేర్పుతోంది. అక్కడ ఒకరి తొడ మీద ఇంకొకరు తాళం వేయరు.