పేరు చూసి వేసిన సున్నా

నా చిన్నప్పుడు నా మార్కులు నాకంటే ముందే బజారుకు చేరేవి. మా నాన్నకు బరంపురం పెద్ద బజారులో పట్టుచీరల కొట్టు ఉండేది. నాకు పరీక్షలో మొదటి స్థానం వచ్చిందంటే చాలు, మా తాతయ్య ఆ మాట కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ చీర మడత విప్పక ముందే చెప్పేవాడు. తెలుగువాళ్ళకు తెలుగులో, ఒడియావాళ్ళకు ఒడియాలో. వినీ వినీ, నేనంటే నా మార్కులేనని నాకూ అలవాటైపోయింది. టీచరు వేసిన మార్కు తప్పు కావచ్చునన్న ఆలోచన పదమూడేళ్ళు వచ్చేదాకా నాకు ఒక్కసారి కూడా రాలేదు.

ఎనిమిదో తరగతిలో నా పక్కన సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చే అమ్మాయి కూర్చునేది. వాళ్ళ నాన్న సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాడు, అమ్మ చేపల గంప ఎత్తుకుని బరంపురం వచ్చి అమ్మేది. బస్సు ఆలస్యమైన రోజున ఆ పిల్ల మొదటి పీరియడు సగం అయ్యాక వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి ఉండేది. మమ్మల్ని ఎత్తును బట్టి కూర్చోబెట్టారు కాబట్టి ఒకే బెంచీ వచ్చింది తప్ప, స్నేహితులమని చెప్పలేను. తను నోరు విప్పితే పిల్లలు నవ్వేవారు. నిజానికి మా ఇంట్లోనూ 'సెప్పు', 'సూడు' అనే మాట్లాడుకునేవాళ్ళం. బడి గేటు దాటగానే నేను పుస్తకంలో మాటలు అందుకునేదాన్ని. ఆ పిల్ల అందుకునేది కాదు.

ఆ ఏడాది మాకు లెక్కలు చెప్పడానికి కొత్త టీచరమ్మ వచ్చింది. దిగపహండి నుంచి రోజూ బస్సులో వచ్చి వెళ్ళేది. చాలా చిన్న వయసు. అదే ఆమె మొదటి ఉద్యోగం. మా అర్ధసంవత్సర పరీక్ష పేపర్లే ఆమె మొట్టమొదట దిద్దిన పేపర్లు.

అందులో పడవ లెక్క ఒకటి వచ్చింది. ఒక పడవ ప్రవాహంతో పాటు ఇరవై నాలుగు కిలోమీటర్లు మూడు గంటల్లో వెళ్ళింది, ప్రవాహానికి ఎదురుగా అదే దూరం ఆరు గంటల్లో తిరిగి వచ్చింది. నిలకడ నీటిలో పడవ వేగమెంత, ప్రవాహం వేగమెంత? పది మార్కులు. పుస్తకంలో ఆ లెక్క చేసే పద్ధతి ముందు రోజే బట్టీ పట్టాను. తీరా పరీక్షలో ఎక్స్ ఎక్కడ పెట్టాలో, వై ఎక్కడ పెట్టాలో ఒక్కసారిగా మరిచిపోయాను. గంట కొట్టడానికి ఇంకా పది నిమిషాలే ఉన్నాయి. పక్కకు చూశాను. ఆ పిల్ల ఎక్సూ వైయ్యూ ఏమీ లేకుండా రెండు గీతలు గీసింది, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. వాటి పక్కన నాలుగు ముక్కలు రాసింది. ఆ గీతల్నీ ఆ ముక్కల్నీ అక్షరం పోకుండా నా పేపరు మీదికి ఎక్కించుకున్నాను. అలా చేయడం అదే మొదటిసారి. ఇంటికి చేరేలోపు ఆ సంగతి మరిచిపోయాను కూడా. అంత సులువుగా ఎలా మరిచిపోయానో నాకిప్పటికీ తెలియదు.

ఒక సోమవారం నాడు పేపర్లు ఇచ్చారు. నాకు తొంభై ఆరు వచ్చాయి. పడవ లెక్క పక్కన ఎర్ర సిరాతో 'కొత్త పద్ధతి. చాలా బాగుంది' అని ఉంది. ఆ పిల్ల పేపరు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఒక అడ్డగీత, దాని పైన సున్నా. కింద 'పక్క పేపరు దొంగచాటుగా చూసి రాసింది' అని ఉంది. ఒక్క లెక్కకు కాదు, పేపరు మొత్తానికి సున్నా.

ఆ పిల్ల తన పేపరు చూసుకుంది. తరువాత నా పేపరు చూసింది. తరువాత నా ముఖం చూసింది. పేపరును నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. టీచరమ్మ ఒకరి కష్టాన్ని ఇంకొకరు కాజేయడం గురించి క్లాసుకంతటికీ చెబుతూంటే నేను తల దించుకుని కూర్చున్నాను. అది వినయమని అందరూ అనుకున్నారు.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. బుధవారమూ రాలేదు. గురువారం నాడు వాళ్ళ నాన్న వచ్చాడు. చెప్పులు దూరంగా విడిచి, క్లాసు గుమ్మం బయట నిలబడ్డాడు. చేతిలో ఆ నాలుగు మడతల పేపరు ఉంది. గొడవ పెట్టుకోవడానికే వచ్చాడనుకున్నాం.

"అమ్మా, మా పిల్ల దొంగతనం సేసినాదని ఇందల రాసినారంట. మాకు సదువు రాదు. పక్కింటోల్ల సేత సదివించుకున్నాం. ఏటి దొంగిలించినాదో సూపించండి, తిరిగిచ్చేత్తాం."

"అది తిరిగి ఇచ్చే వస్తువు కాదయ్యా" అంది టీచరమ్మ.

"మరైతే ఏటి పోయినాదమ్మా?"

వెటకారం కాదు. నిజంగానే తెలియక అడిగాడు. పిల్ల ఇంక బడికి ఎల్లనంటోందని, వాళ్ళమ్మతో పాటు గంపెత్తుకుని తిరుగుతానంటోందని, ఒక మాట చెప్పి పోదామని వచ్చానని అన్నాడు. పేపరు బల్ల మీద పెట్టి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ క్షణంలో లేచి నిజం చెప్పాలనిపించిందని రాయగలిగితే బాగుండేది. అనిపించలేదు. కొట్టులో కూర్చున్న తాతయ్య ముఖం కళ్ళ ముందు మెదిలింది, భయం వేసింది, అంతే.

ఆ సాయంత్రం టీచరమ్మ అందరి పేపర్లూ వెనక్కి తీసుకుంది. శనివారం నాడు మమ్మల్ని ఒక్కొక్కరినీ వరండాలోకి పిలిచింది. మా పేపర్ల మీద పేర్లున్న చోట పాత న్యూస్‌పేపరు ముక్కలు అంటించి ఉన్నాయి. ఎవరి పేపరు వాళ్ళకు చూపించి, ఏదో ఒక లెక్క మీద వేలు పెట్టి, ఎలా చేశావో నోటితో చెప్పమనేది. మా బళ్ళో అలాంటి పరీక్ష ఎవరూ చేసి ఎరగరు.

నా వంతు వచ్చింది. ఆమె వేలు పడవ లెక్క మీద ఆగింది. క్లాసులో పుస్తకం మాటలే మాట్లాడే మనిషి, ఇక్కడ మా ఇంటి మాటలోనే అడిగింది.

"ఇక్కడ రెండూ కలిపి సగం సేసేవు. ఎందుకలా?"

ఆ గీతల వైపు చూశాను. చేతిరాత నాదే. అందులో ఒక్క ముక్కా నాకు అర్థం కాలేదు. చూసి రాసినప్పుడు కూడా అర్థం కాలేదని అప్పుడే తెలిసింది.

"పోనీ, ఇది సెప్పు. 'వాలునీరు', 'ఎదురునీరు' అని రాసేవు. పుస్తకంలో ప్రవాహమనే ఉంది. ఇవి వేటకెల్లేవోల్ల మాటలు. పెద్ద బజారు పిల్లవి, నీకీ మాటలు ఎక్కడివి?"

ఇక తిడుతుంది, నలుగురిలో నిలబెడుతుంది అనుకుంటూ తలెత్తి చూస్తే, నాకంటే ఆమె ముఖమే ఎక్కువ పాలిపోయి ఉంది. పేపరు మడిచి పక్కన పెట్టింది. "రేపు ఆదివారం. మీ ఇంట్లో సెప్పి రా. మనిద్దరం ఒక చోటికి ఎల్లాలి" అంది.

ఎక్కడికో అడగకుండానే అర్థమైంది. మర్నాడు పల్లె బస్సులో ఆమె పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి సరుగుడు తోటల వైపు చూస్తూ, నాకు చెబుతున్నట్టు కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు చెప్పింది. స్టాఫ్‌రూములో నా గురించి మంచి మాటలు విని ఉందట. ఆ పిల్ల గురించి ఎవరూ ఏమీ చెప్పలేదట. ముందు నా పేపరు దిద్దిందట. తరువాత అదే జవాబు ఇంకో పేపర్లో కనబడేసరికి, ఎవరిది చూసి ఎవరు రాశారో ఆలోచించనే లేదట.

"పేరు సూసేను, సున్నా వేసేను. మిగతా పేపరు సదవనే లేదు. పేర్లు కప్పెట్టి మళ్ళీ సదివితే గాని నాకు తెలీలేదు."

అప్పుడు నాకు కలిగిన దిగ్భ్రాంతి ఇప్పటికీ గుర్తుంది. దారంతా నన్ను తిడుతుందని ఎదురుచూస్తూ వచ్చాను. ఆమె తనను తాను తిట్టుకుంటోంది. అంతకంటే, ఒక పిల్ల రెండున్నర గంటలు రాసిన పేపరును చదవకుండానే సున్నా వేయవచ్చునన్న సంగతి నన్ను మరీ భయపెట్టింది. నాకు వచ్చిన తొంభై ఆరు కూడా అలాంటిదేనేమో అనిపించింది.

పల్లెలో ఆ పిల్ల వాళ్ళ నాన్న ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు. ఆ పిల్ల ఇసుక మీద ఎండు చేపలు తిరగేస్తోంది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది, దగ్గరకు రాలేదు. ఇరుగుపొరుగు పోగయ్యారు. అందరూ వింటుండగా టీచరమ్మ చేతులు జోడించింది.

"తప్పు నాదయ్యా. మీ పిల్ల ఏటీ దొంగిలించలేదు. సరిగ్గా సూడకుండా నేనే అలాగ రాసేను."

టీచరు నోట, అందులోనూ వల అల్లుకునే మనిషి ముందు, తప్పు నాది అన్న మాట నేనెన్నడూ వినలేదు. ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు. తరువాతి మాట నా పేరేననుకున్నాను. రాలేదు. ఆమె నా వైపు చూడను కూడా లేదు. నన్ను పట్టించడానికి తీసుకురాలేదని, ఆ పని నాకే వదిలేసిందని అర్థమైంది.

"నేనే తన పేపర్లో సూసి రాసేను" అన్నాను. బయట జనం ముందు మా ఇంటి మాటలో మాట్లాడటం నాకదే మొదటిసారి.

"నాకు తెలుసు" అంది ఆ పిల్ల.

టీచరమ్మ చటుక్కున తిరిగింది. "తెలిస్తే నాతో ఎందుకు సెప్పలేదే?"

"సెప్తే మీరు నమ్ముదురా?"

ఆ మాటలో కోపం లేదు. ఎండు చేప చేత్తో పట్టుకుని, ఎండకు కళ్ళు చిట్లించి, ఊరికే అడిగింది. తరువాత నా వైపు తిరిగి, "నువ్వు సెప్తావని సూసినాను" అంది. అంతే. మళ్ళీ ఆ విషయం నాతో ఎప్పుడూ ఎత్తలేదు.

పడవ లెక్క ఎలా చేసిందో చెప్పమని టీచరమ్మ అడిగింది. ఆ పిల్ల సముద్రం వైపు ఒకసారి చూసి చెప్పింది. "వాలునీటిలో గంటకి ఎనిమిది ఎల్తాది. ఎదురునీటిలో నాలుగే. నీరు అటేపు ఎంత తోసినాదో, ఇటేపు అంతే ఆపినాది. రెంటికీ సరిగ్గా మజ్జెన ఉన్నది పడవ సొంత బలం. ఆరు. మిగిలిన రెండు నీటి బలం." వాళ్ళ నాన్న అవునన్నట్టు తలాడించాడు. టీచరమ్మ అక్కడే అరుగు మీద కూర్చుని, పేపరంతా మొదటి నుంచి చివరిదాకా దిద్దింది. సున్నా కొట్టేసి ఎనభై ఒకటి వేసింది. ఆ దొంగచాటు మాట కొట్టేసి, పక్కన తన సంతకం పెట్టింది.

ఆ పిల్ల సోమవారం బడికి వచ్చింది. మార్కుల రిజిస్టరులో నా గడి మాత్రం ఖాళీగా ఉంది. నాకూ సున్నా వేసేయమంటే టీచరమ్మ ఒప్పుకోలేదు. "సున్నా వేస్తే నువ్వు తప్పు సేసేవని తెలుస్తాది. లెక్క వచ్చో రాదో తెలీదు కదా. నేర్చుకుని రా" అంది. పది పన్నెండు రోజులు ఆ గడి అలాగే ఉంది. మొదటి స్థానం వచ్చిందా అని తాతయ్య రోజూ అడిగేవాడు. ఒకనాడు ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేశాను. ఆయన చీరలు మడత పెడుతూనే అంతా విన్నాడు. ఆ తరువాత కొట్టుకు వచ్చినవాళ్ళతో నా మార్కుల ఊసెత్తడం మానేశాడు.

ఆ లెక్క నాకు ఆ పిల్లే నేర్పింది, నవ్వుకుంటూ. దాన్ని టీచరమ్మ ముందు నా మాటల్లో వివరించి చెప్పాక ఆమె ఆ పది మార్కులు తీసేసి ఎనభై ఆరు వేసి, పక్కన 'తరువాత నేర్చుకుంది' అని రాసింది. నా చదువు మొత్తంలో నాకు నిక్కచ్చిగా వచ్చిన మార్కు అదేననుకుంటాను. ఇక ఆ పిల్ల, వాళ్ళ పల్లెలో మెట్రిక్ పాసైన మొదటి ఆడపిల్ల అయింది.

నేనూ టీచరునై, ముప్ఫై ఏళ్ళ పైన పేపర్లు దిద్ది రిటైరయ్యాను. ఈ ఏడాది మా మనవరాలు కొడల అనే ఊళ్ళో హైస్కూలు టీచరుగా చేరింది. మొన్న ఫోన్ చేసి, రెండు పేపర్లు అచ్చంగా ఒక్కలాగే ఉన్నాయని, ఎవరు కాపీ కొట్టారో చూడగానే తెలిసిపోతోందని చెప్పింది. ఏ మార్కూ వేయకు, ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి అడుగు అన్నాను. నా ఉద్యోగమంతా పేరు కనబడకుండా పేపరు మూల మడిచే దిద్దాను, అది చేయి నేర్చుకున్న అలవాటు. మనసుకు అంటుకుపోయింది మాత్రం ఆ పిల్ల ఇసుకలో నిలబడి అడిగిన మాట. ఏ పిల్ల పేపరు మీదైనా చెడ్డ మాట రాయబోయే ముందు, ఈ పిల్ల వచ్చి నిజం చెబితే నమ్మే మనిషినేనా నేను అని నన్ను నేను ప్రశ్నించుకునేదాన్ని. అవునని గట్టిగా చెప్పుకోలేని రోజున ఎర్ర పెన్నుకు మూత పెట్టేసి లేచేదాన్ని.