పెంటప్ప తూటు పైసలు

భవాని పేట్‌లో పెంటప్పకు రెండు పేర్లు. కార్ఖానాలో సాంచ మీద, అంటే కరెంటు మగ్గం మీద చద్దర్లు నేసేటప్పుడు ఉత్త పెంటప్ప, టీ కొట్టు దగ్గర నాణేల పెంటప్ప. పాత నాణేలంటే ఆయనకు ప్రాణం. బిస్కెట్ డబ్బా నిండా దాచినవాటిని సెలవు రోజున చింతపండుతో తోమి చాప మీద ఆరబెట్టేవాడు. చూడవచ్చినవాళ్లకు సొంత డబ్బుతో టీ కూడా తాగించేవాడు.

అందులో ఎవరినీ ముట్టుకోనివ్వనివి మూడే. నడుమ తూటు ఉన్న రాగి పైసలు. వాళ్లమ్మ ముగ్గురు బిడ్డల మొలతాళ్లకు తలా ఒకటి కట్టింది. మొదటి ఇద్దరూ నడక రాకముందే పోయారు. చావు కన్ను పడకూడదని మూడోవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకొచ్చి, ఆ పేరే పెట్టుకుంది. వాడు దక్కాడు. అన్నకూ అక్కకూ ఫోటోలు లేవు. వాళ్లు ఉండేవాళ్లని చెప్పడానికి ఈ పైసలే ఉన్నాయి.

అలాంటి పెంటప్ప వైభవానికి వాసుదేవ్ రూపంలో శని పట్టింది. వాసుదేవ్ పక్క సాంచవాడు, వయసులో చిన్నవాడు, నోట్లో నాలుక లేని మనిషి. అత్తగారి ఊరు కామారెడ్డి నుంచి నిజాం కాలపు వెండి రూపాయి తెచ్చుకున్నాడు. అది కార్ఖానాకు వస్తోందని ముందే విన్న పెంటప్ప, తన తూటు పైసలు జేబులో వేసుకుని వెళ్లాడు. సాంచలు ఆపి మరీ జనం రూపాయి చుట్టూ మూగారు. పెంటప్ప గుంపులో దూరి తనవి చూపించాడు. తోటి నేతగాడు సాయిలు ఒక చూపు చూసి, "గివి మా ఇంట్ల గూడ ఉండె పెంటన్నా, పోరగాండ్లు ఆడి పడేసిన్రు," అని మళ్లీ రూపాయి వైపు తిరిగాడు.

పెంటప్పకు ఒళ్లు మండిపోయింది. పైసలు జేబులో కుక్కుకుని సాంచ దగ్గరికి వచ్చేశాడు.

నేతగాడి జేబులో ఎప్పుడూ కొన్ని ఇనుప వాషర్లు ఉంటాయి. చద్దర్ అంచు పోగులు సడలితే వాషర్‌కు దారం కట్టి, సాంచ వెనక ఆ పోగులకు వేలాడదీస్తారు. ఆ బరువుకు పోగు బిగుస్తుంది. అది చేతులకు అలవాటైన పని, కళ్లతో అవసరం ఉండదు. ఆ రోజు పెంటప్ప అంచు సడలింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కళ్లు మాత్రం వాసుదేవ్ చుట్టూ ఉన్న జనం మీదనే ఉన్నాయి.

సాయంత్రం ఇంట్లో జేబు దులిపితే వాషర్లే రాలాయి.

"గుంపుల నా పక్కకు ఆ వాసుదేవే నిలవడ్డడు," అన్నాడు పెంటప్ప.

"రూపాయి ఉన్నోడు పైసలెందుకు ఎత్కపోతడయ్యా," అంది భార్య గంగమ్మ.

"నీకు తెల్వదు, ఊకో."

తెల్లవారి కార్ఖానాలో అందరి ముందూ అడిగేశాడు. వాసుదేవ్ టిఫిన్ డబ్బా, సంచి, జేబులు అన్నీ విప్పి చూపించాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకూ పెంటప్పకు కోపమే. దాచడంలో కూడా వీడు తనకన్నా గట్టివాడే అనుకున్నాడు. ఆ తర్వాత వాసుదేవ్ రూపాయి తేవడం మానేశాడు. దొంగ కాకపోతే ఎందుకు మానేస్తాడని పెంటప్ప పేటంతా అడిగి వచ్చాడు.

కొన్ని వారాలకు పెంటప్ప సాంచ వెనక నిలువు పోగులు చుట్టి ఉండే బీమ్ అయిపోయింది. కొత్త బీమ్ ఎక్కించేటప్పుడు వెనక ఒకరు కూర్చుని పోగులు అందించాలి, ముందున్నవాడు అందుకోవాలి. మాటలున్నా లేకపోయినా పక్క సాంచవాడే వచ్చి కూర్చోవడం అక్కడి పద్ధతి. వాసుదేవ్ వచ్చి కూర్చున్నాడు.

కాసేపటికి పోగులు రావడం ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు పెంటప్ప విసుగ్గా.

పోగుల సందులోంచి ఒక చెయ్యి వచ్చింది. అందులో నూలు దుమ్ము పట్టిన మూడు తూటు పైసలు, కట్టిన దారాలతో సహా. ఆ ముడి పెంటప్ప వేసే ముడి. కార్ఖానాలో ఇంకెవరూ అలా వేయరు.

"జేబుల ఏస్కో అన్నా. ఎవ్వలు జూస్తలేరు," అన్నాడు వాసుదేవ్ మెల్లగా.

పెంటప్ప కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్నా అక్కా దొరికారన్న సంతోషం కొంతే. వాసుదేవ్ స్థానంలో తానే ఉంటే ఈపాటికి కార్ఖానా అంతటినీ పిలిచి పరువు తీసేవాడు. వెండి రూపాయి వీడికే ఉంది సరే, ఈ గుణం కూడా వీడికే ఉండాలా? ఆ ఉక్రోషంలోనే లేచి నిలబడి అందరినీ పిలిచాడు.

"నా పైసలు నా సాంచకే ఉన్నయి. వాషర్లనుకోని నేనే కట్టిన. వాసుదేవ్ తప్పేం లేదు. నన్ను ఏమంటరో అనుర్రి."

అందరూ వాసుదేవ్ దగ్గరికి పోయారు. సాయిలు అతని భుజం మీద చెయ్యి వేసి, "గింత ఓపిక ఎక్కడిదిరా నీకు. రేపు ఆ రూపాయి తే, మళ్లొకసారి జూస్తం," అన్నాడు.

సాంచ ముందు పెంటప్ప ఒక్కడే మిగిలాడు. అసూయ మళ్లీ రేగింది. కానీ ఈసారి ఆ గుంపు వైపు చూడలేదు. తల వంచుకుని, తన చేతులు పైసల్ని ఎక్కడ పెడుతున్నాయో చూసుకున్నాడు.