గుండీ నోట్లో ఎర్రదారం

దారప్పోగు కనబడితే మిషనక్క వేళ్ళు ఊరుకోవు. ముప్పై ఆరేళ్ళుగా బట్టలు కుడుతున్న చేతులాయె. బస్సులో ముందు సీటు మనిషి కాలరు మీద పోగు వేలాడుతుంటే, ఆ మనిషికి తెలియకుండానే పీకేస్తుంది. ఒకసారి అలాగే పీకితే బ్యాంకు ఆఫీసరుగారి చొక్కా గుండీ ఊడి చేతిలోకి వచ్చింది. "మా వదిన పక్కన నిలబడితే ఒంటిమీద గుండీలు మిగలవు," అంటుంది ఆడపడుచు. ఇద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే కొట్టు. వదిన మిషను తొక్కితే ఆడపడుచు కాజాలు కుడుతుంది.

కొట్లో మూడో మనిషి గుండీ. అంటే పిల్లి. బూడిదరంగుది, గుడ్డముక్కల బుట్టలో పడుకుంటుంది. మిషనక్క భర్త చనిపోయిన ఏడాది వానకు తడుస్తూ వచ్చి అక్కడే ఉండిపోయింది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మిషనక్క దానితో మాత్రం పొద్దస్తమానం మాట్లాడుతుంది.

ఆ రోజు చేతిపని మధ్యలో ఎవరో కొలతలివ్వడానికి వస్తే, దారం ఎక్కించిన సూదిని బల్లమీదే పెట్టి లేచింది. తిరిగి వచ్చేసరికి సూది లేదు. గుండీ నోట్లోంచి జానెడు ఎర్రదారం వేలాడుతోంది. పిల్లి గుటకలు మింగుతోంది, చొంగ కారుస్తోంది.

చెయ్యి దానంతటదే వెళ్ళి దారం కొస పట్టుకుంది.

"ఆగు వదినా! సూదేదీ?"

ఆ మాటకు చెయ్యి ఆగింది. ఆడపడుచు పశువుల డాక్టరుకు ఫోను చేసింది. డాక్టరమ్మ గొంతు గదంతా వినిపించింది: "లాగొద్దు. కత్తిరించొద్దు కూడా. పాలూ నీళ్ళూ ఏమీ పట్టొద్దు. కాళ్ళతో పీక్కోకుండా తువ్వాలులో చుట్టి వెంటనే తీసుకురండి."

రెండు వీధుల నడక. మిషనక్క పిల్లిని గుండెకు హత్తుకుని నడిచింది. అడుగడుక్కీ ఆ దారం మణికట్టుకు తగులుతోంది.

"అమ్మాయ్, నా వేళ్ళ మీద నాకే నమ్మకం లేదే. నువ్వెత్తుకో."

"నేనెత్తుకుంటే నీ చేతులు ఖాళీ అవుతాయి. అది ఇంకా ప్రమాదం. నడు, నడు."

ఎక్స్‌రేలో సూది నాలుక మొదట్లో గుచ్చుకుని కనిపించింది. మత్తిచ్చి తీశారు.

"లాగి ఉంటే ఇంకా లోతుకు దిగేది. కత్తిరించి ఉంటే సూదిని మేం వెతుక్కోవలసి వచ్చేది," అంది డాక్టరమ్మ, సూదిని చిన్న పళ్ళెంలో చూపిస్తూ. "ఫరవాలేదు, బతికింది. సాయంత్రం తీసుకెళ్ళండి."

మిషనక్క చూపు డాక్టరమ్మ కోటు చేతి అంచు మీద ఉంది. అక్కడొక తెల్లపోగు వేలాడుతోంది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"అమ్మా, కత్తెరుందా?" అంది.

ఇప్పుడు కొట్టుకి ఎవరొచ్చినా సరే, సూది డబ్బాలో పడి, మూత బిగిశాకే ఆమె లేస్తుంది. అంతదాకా వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడాల్సిందే.