గుమ్మం లేని మేనమామ

పీఐఈ రహదారి మీద బుకిట్ తీమా దాటీ దాటగానే వెంకటరాజు వ్యాను వెనక టైరు కూలబడింది. శనివారం, పొద్దున పది గంటలు. బండిని పక్క వరుసలోకి లాగి, స్టెప్నీ దించి, నట్లతో కుస్తీ పడుతుండగా వెనకాల వెండిరంగు కారొకటి లైట్లు మిటకరిస్తూ వచ్చి ఆగింది. దాని ముక్కు మీద కుంకుమ బొట్టు, బొట్టు కింద వడిలిన బంతిపువ్వు. అది చూడగానే వెంకటరాజు చేతిలో స్పానరు జారి కింద పడింది. సింగపూర్ మొత్తమ్మీద బొట్టు పెట్టుకుని తిరిగే కారు అతనికి తెలిసి ఒక్కటే.

"ఏం బావా! నడిరోడ్డు మీద కాపురం పెట్టేశావేంటి?" అంటూ దిగాడు సుధాకరరావు.

ఆయనది ఉత్త వేళాకోళం. ఓడల కంపెనీలో ఇంజనీరుగా ఇరవై ఏళ్ళ కిందట వచ్చి సెరంగూన్‌లో ఇల్లు కొనుక్కున్న మనిషి. ఎదుటివాణ్ణి ఒక మాట గిల్లితే తప్ప పలకరించినట్టు అనిపించదు ఆయనకి. ఈసారి గిల్లింది సరిగ్గా పచ్చిపుండు మీదని పాపం తెలీదు. వెంకటరాజు నిజంగానే ఆ వ్యాన్‌లో కాపురం ఉంటున్నాడు. రెండేళ్ళు కావస్తోంది. తాడేపల్లిగూడెంలో టీచరుగా ఉన్న భార్య సుభద్రకి ఆ సంగతి తెలీదు. చాంగీ బిజినెస్ పార్క్‌లో, అతను పనిచేసే బ్యాంకు ఆఫీసులో, పక్క కుర్చీవాడికీ తెలీదు. వీళ్ళకెప్పుడైనా తెలిసినా నవ్వి ఊరుకుంటారేమో. కారులోంచి దిగుతున్న రెండో మనిషికి మాత్రం తెలియకూడదు.

ఆ రెండో మనిషి కమలాదేవి, సుధాకరరావు భార్య. తోడబుట్టినవాళ్ళు లేరు ఆవిడకి. తొమ్మిదేళ్ళ కిందట ఉగాది భోజనాల్లో వెంకటరాజుదీ గోదావరి పక్కేనని తెలిసి "తమ్ముడూ" అని పిలిచింది. ఇక ఆ వరస మారలేదు. వాళ్ళమ్మాయి భువనకి ఆరేళ్ళపాటు ఆదివారాలు లెక్కలు చెప్పాడు. లెక్కలయ్యాక పప్పుచారు, కొబ్బరి పచ్చడి, ఒక కునుకు. ఈ దేశంలో అతన్ని ఇంటి మనిషిగా చూసినది ఆ ఇల్లొక్కటే. ఇప్పుడా భువన పెళ్ళి.

"ఫోన్ ఎత్తవేం తమ్ముడూ? మీ ఇంటికే బయల్దేరాం" అంది కమలాదేవి. పట్టుచీర, చేతిలో కుంకుమభరిణె. "అబ్బ, ఏం ఎండ! టైరు వేసేదాకా నీ బండిలో కూర్చుంటాను ఉండు."

ఆవిడ చెయ్యి పక్కతలుపు మీద పడనే పడింది. వెంకటరాజు ఒక్క అంగలో అడ్డం వచ్చాడు. "వద్దండక్కయ్యగారూ! లోపల ఆఫీసు సామాను. సర్వర్లు!"

"శనివారం కూడానా?"

జాకీ తీసినప్పుడు ఆ తలుపు సరిగా వేసినట్టు లేడు, జానెడు తెరిచే ఉంది. ఆ సందులోంచి చూస్తే పరుపు కనిపిస్తుంది, దండెం మీద ఇస్త్రీ చేసిన ఐదు చొక్కాలు కనిపిస్తాయి, గోడకి అంటించిన వెంకటేశ్వరస్వామి పటం కనిపిస్తుంది. గబుక్కున లాగి మూశాడు. ఆవిడ ముఖం చూశాడు. ఆ ముఖంలో ఏమీ తెలియలేదు.

"కార్డు ఇక్కడే ఇచ్చెయ్యండక్కయ్యగారూ. అంత దూరం శ్రమెందుకు?"

"మేనమామని రోడ్డు మీద పిలుస్తారా ఎవరైనా?" కమలాదేవి గొంతులో నిజంగానే కష్టం వినిపించింది. "పిల్లని బుట్టలో పెట్టుకుని మండపానికి తేవలసినవాడివి. గుమ్మంలో నిలబడి బొట్టు పెట్టి పిలవాలి. సుభద్ర లేదు కాబట్టి గుమ్మానికే పెడతాను, తనకి పెట్టినట్టే."

"ఇల్లు సర్ది లేదండీ..."

"మగాళ్ళ కొంప సర్ది ఉంటుందని నేనూ అనుకోలేదులే."

"పద బావా, నువ్వు ముందు నడు, నీ వెనకే మేం" అన్నాడు సుధాకరరావు, బిగించిన టైరుని కాలితో తన్ని చూస్తూ. "బుకిట్ బటోకేగా? ఇంకాసేపు ఇక్కడే నిలబడ్డామంటే పోలీసాయన వచ్చి ముగ్గురికీ తాంబూలం ఇస్తాడు."

అలా బయల్దేరాడు వెంకటరాజు, లేని ఇంటికి దారి చూపిస్తూ. అద్దంలో ఆ కుంకుమ బొట్టు అతన్ని విడవకుండా వస్తూనే ఉంది.

చక్రాల మీద కాపురం లోకంలో కొత్తది కాదు. ఎడారుల్లో గుడారాలు ఒంటెల మీద కట్టుకుపోయేవాళ్ళున్నారు. శ్రీనగర్ సరస్సులో పడవలోనే పుట్టి పడవలోనే పెళ్ళి చేసుకునేవాళ్ళున్నారు. గోదావరి మీద లాంచీ సరంగులు వానాకాలమంతా పొయ్యి వెలిగించేదీ పడుకునేదీ ఆ చెక్కల మీదే. తెల్లవాళ్ళ దేశాల్లో అయితే రిటైరైన జంటలు ఇల్లమ్మేసి మరీ బస్సంత బండి కొనుక్కుని, దాని ముందు కుర్చీలు వేసుకుని ఫొటోలు దిగుతారు. వాళ్ళెవరూ సిగ్గుపడరు. వాళ్ళ పక్కనున్నవాళ్ళదీ అదే బతుకు, లేదా అది వాళ్ళే కోరి తెచ్చుకున్నది. వెంకటరాజు కోరుకోలేదు. అతన్ని ఆ బండిలోకి తోసింది అతని ముక్కే.

అవును, గురక. నవ్వొచ్చే సంగతే. పెళ్ళైన మూడో ఏడు నుంచీ సుభద్ర వేరే గదిలో పడుకునేది. "మీరు పడుకుంటే వీధిలో కుక్కలు లేస్తున్నాయండీ" అనేది, అభిమానంగానే. ఇక్కడికొచ్చాక ఐదారేళ్ళు ఒంటరి గదిలో నెట్టుకొచ్చి, అద్దె పెరిగాక బుకిట్ బటోక్‌లో నలుగురు కలిసి అద్దెకుండే ఫ్లాట్‌లో చేరాడు. ఆ రోజుల్లో బ్యాంకులన్నీ పోటీలు పడి మనవాళ్ళని విమానాల్లో దింపుతున్నాయి. ఫ్లాట్‌లో ముగ్గురూ ముప్ఫై దాటని కుర్రాళ్ళు. అమెరికా వేళల్లో పనిచేసి వచ్చి పగలు పడుకోవాలి, లేదా పొద్దున్నే రైలెక్కాలి. పడుకోవడమే కుదరడం లేదు. ఏడాదిన్నర ఓర్చుకుని, చివరికొక ఆదివారం ఆఫీసు మీటింగులాగే మీటింగు పెట్టారు. సాయి కిరణ్ అనేవాడు ఫోన్‌లో రికార్డు చేసినది వినిపించాడు. "అంకుల్, ఫీలవ్వకండి. మీరంటే ఎవరికీ ప్రాబ్లం లేదు. ఇష్యూ ఇదొక్కటే." తన గురకని వెంకటరాజు మొదటిసారి వినడం అదే. ఎవరో మనిషిని రంపంతో కోస్తున్నట్టుంది. చేతులెత్తమన్నారు. మూడు చేతులు లేచాయి. తనది కూడా ఎత్తాలేమోనని ఒక్క క్షణం అనుకున్నాడు.

తరవాతి ఇంట్లో తొమ్మిది రోజులున్నాడు. ఇంటావిడ చైనీస్ ముసలమ్మ. పదోరోజు పొద్దున్నే అతని పెట్టె గుమ్మం బయట పెట్టి, చెవులు మూసుకున్నట్టు చూపించి దణ్ణం పెట్టింది. ఆ పైన చూసిన ప్రకటనల్లో సగం 'ఇండియన్లు వద్దు, వంట వద్దు' అనేవే. అప్పుడే లిటిల్ ఇండియాలో మురుకుల కొట్టు ఎత్తేస్తున్న ఒకాయన దగ్గర, రిజిస్ట్రేషన్ ఇంకొంతకాలమే మిగిలిన ఈ తెల్ల వ్యాను చవగ్గా దొరికింది. ఒక వారానికి అనుకున్నాడు. స్నానం ఆఫీసు జిమ్‌లో. తిండి హాకర్ సెంటర్లో. వారం రోజులూ చాంగీ సముద్రపు ఒడ్డున పార్కింగు. శని, ఆదివారాలు అక్కడ పిల్లాపాపలతో జనం దిగుతారు కాబట్టి పడమటి వైపు వచ్చేస్తాడు. మొదటి తెల్లవారుజామునే నడకకొచ్చిన తాతెవరో అద్దం మీద బాది లేపాడు. "అంకుల్, యూ ఓకే ఆర్ నాట్? ఐ థింక్ యూ డై ఆల్రెడీ!" తరవాత ఆ తాత అలవాటు పడి, వెళ్తూ వెళ్తూ డిక్కీ మీద రెండు దెబ్బలు కొట్టి పోయేవాడు, అలారంలాగా.

ఇవన్నీ కమలాదేవికి ఎలా చెప్తాడు? భువన పక్కన మేనమామగా నిలబడేవాణ్ణి, గురక పెడతాడని గెంటేశారనీ, మురుకులు మోసిన వ్యాన్‌లో పడుకుంటున్నాడనీ వియ్యాలవారికి తెలిస్తే? బుకిట్ బటోక్ మలుపు దగ్గర సిగ్నల్లో ఆగినప్పుడు, అద్దంలో బొట్టు వంక చూస్తూ, రెండేళ్ళుగా నొక్కని నంబరు నొక్కాడు.

"సాయీ, నేను... రాజు అంకుల్‌ని. ఒక్క గంట నేనింకా అక్కడే ఉంటున్నట్టు నటించాలి నాన్నా."

"రండి అంకుల్. నేనొక్కణ్ణే ఉన్నా. అంకుల్, అప్పుడు మేం అలా..."

"అదిప్పుడొద్దు. అటు కుర్చీల మీద బట్టలుంటే తీసెయ్యి."

బ్లాకు కింద రెండు బళ్ళూ పక్కపక్కనే ఆగాయి. "మీరు పదండి, నేను పళ్ళెం సర్దుకొస్తాను" అంది కమలాదేవి. మగాళ్ళిద్దరూ తొమ్మిదో అంతస్తుకి ఎక్కారు. సాయి కిరణ్ తలుపు తీసి, ఉన్నదానికంటే రెండింతలు నవ్వాడు. "రండి రండి! అంకుల్, మీ రూమ్‌లో ఏసీ ఆన్ చేసే ఉంచా."

"వాహ్, రాజభోగం!" అన్నాడు సుధాకరరావు.

కమలాదేవి వచ్చేసరికి ఐదు నిమిషాలు దాటింది. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని సోఫా అంచున కూర్చుంది.

"ఏంటి బావా, ఆడపడుచు ఇంటికొస్తే మంచినీళ్ళయినా ఇవ్వవా?" అన్నాడు సుధాకరరావు.

"అయ్యో" అంటూ వెంకటరాజు లేచాడు. సాయి కిరణ్ కదలబోతే చేత్తో ఆపి, ఇంటాయన నడక నడుస్తూ వంటింట్లోకి వెళ్ళాడు. సింకు పైన అర తెరిచాడు. అతనున్నప్పుడు గ్లాసులు అక్కడే ఉండేవి. ఇప్పుడు సబ్బుపొడి ఉంది. పక్క అర తెరిచాడు. నూడుల్స్ పొట్లాలు, ఒక హెల్మెట్. కింద అర తెరిచాడు. బూటు పాలిష్. చెవులు వేడెక్కాయి. మళ్ళీ మొదటిదే తెరిచాడు, ఈసారైనా ఉంటాయేమోనన్నట్టు. హాల్లో సాయి కిరణ్ దగ్గాడు.

వెనక గాజుల చప్పుడైంది. కమలాదేవి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలీదు. ఆవిడ లోపలికొచ్చి, ఫ్రిజ్ పక్కనున్న స్టాండులోంచి గ్లాసు తీసి, కుళాయి తిప్పి నీళ్ళు పట్టి అతని చేతికే ఇచ్చింది.

"ముందు నువ్వు తాగు తమ్ముడూ. చెమటలు కారిపోతున్నాయి."

తాగాడు.

ఆవిడ హాల్లోకెళ్ళి సాయి కిరణ్‌కి కార్డిచ్చి, "మీ ముగ్గురూ రావాలి బాబూ" అంది. మీ ముగ్గురూ. నలుగురని అనలేదు.

"అదేంటే? బావనొదిలేశావ్" అన్నాడు సుధాకరరావు. "గుమ్మం అదిగో, బొట్టు పెట్టు, పోదాం. జూరాంగ్‌లో ఇంకా నాలుగిళ్ళున్నాయి."

"వాడి గుమ్మానికి కింద పెట్టే వచ్చాను." ఆవిడ ఎవరి వైపూ చూడలేదు. "పసుపూ, కుంకుమా. తాంబూలం లోపల స్వామి పటం దగ్గర పెట్టాను. తలుపు తాళం వెయ్యలేదు తమ్ముడూ, ఇందాకటి కంగారులో."

"కింద గుమ్మమేంటి..." అని నవ్వబోయిన సుధాకరరావు వెంకటరాజు ముఖం చూసి ఆగిపోయాడు. రహదారి మీద తానన్న మాట అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

"బుట్ట మాత్రం నువ్వే పట్టుకోవాలి" అంది కమలాదేవి.

తిట్టి ఉంటే నిలబడేవాడు. ఏమిట్రా ఈ వేషం అని అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాడు. తన పరుపు, తన దండెం, తలగడ పక్కన పెట్టుకున్న లుంగీ ఆవిడ చూసింది. చూసి, పైకొచ్చి, అతను అరలు తెరుస్తుంటే చూస్తూ నిలబడింది. వ్యాన్‌లో బతికినందుకు కాదు, ఆ మూడు అరలు తెరిచినందుకు అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

గ్లాసు టీవీ పక్కన పెట్టాడు. గుమ్మం బయట చెప్పుల కుప్పలో కాళ్ళకి అందినవి తొడుక్కున్నాడు. పరాయి ఇంటి నుంచి కదిలేటప్పుడు ఎంత కోపంలో ఉన్నవాడైనా అనే మాట, వెళ్ళొస్తానన్న మాట, అతని నోట రాలేదు. లిఫ్టు కోసం ఆగలేదు. తొమ్మిది అంతస్తులూ మెట్ల మీదుగా దిగాడు. అరచేతుల నిండా టైరు మసి.

కింద వ్యాను ఎండలో నిలబడి ఉంది. పక్కతలుపు మీద, మనిషి నుదురంత ఎత్తున, పసుపు రాసి దాని మధ్య కుంకుమ పెట్టి ఉంది. పసుపు ఇంకా తడి ఆరలేదు. ఆ తలుపు లాగాలంటే ఆ బొట్టుకి ఎదురుగా నిలబడాలి. వెంకటరాజు ఆగకుండా బండిని దాటి, బస్‌స్టాప్ వైపు నడిచాడు.

"బావా! ఒరే బావా!" పైన వరండాలోంచి సుధాకరరావు కేక వినిపించింది. ఆ వెనక గాజుల చప్పుడు కూడా విన్నట్టే అనిపించింది అతనికి, అంత ఎత్తు నుంచి వినిపించదని తెలిసినా. వెనక్కి తిరగలేదు. కాళ్ళకున్నవి సాయి కిరణ్ చెప్పులు. ఒక సైజు పెద్దవి. అడుగడుక్కీ టపటపమంటున్నాయి.